ప్రయాణంలో ఉన్న సంసోను గారి క్షేమం కొరకు

ఖానాపురం హవేలి, ఖమ్మం
జనవరి 9

బాబాయికి మహిమ వందనాలు.

మీతో ఫోనులో మాట్లాడటం నా వల్ల కాదని చేతులెత్తేశాను. క్రిస్మస్‌కి ఫోన్ చేసి నేను నాయనమ్మ సంగతి చెబుతుంటే మీరు సారపాకలో చలి సంగతి చెప్పారు. వాట్సాప్ పంపితే మీరు అద్దాలు వెతుక్కునేలోపు ఫోను ఆరిపోతుందని పిన్ని తేల్చేసింది. అందుకే ఉత్తరం. చదవకుండా బీరువా మీద పడేయకండి.

విషయానికి వస్తాను. ముగ్గురు రాజుల పండుగ మర్నాడు నాయనమ్మ ఎప్పటిలాగే తాతయ్య పేరున పూజ చెప్పించింది. అది వాళ్ళ పెళ్ళిరోజు. మీరు ఉయ్యాలలో ఉన్న ఏడు బీడీలు చుట్టే తునికాకు పనికని గోదావరి దాటి అడవిలోకి వెళ్ళిన మనిషి మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. అరవై ఏళ్ళుగా ఏటా ఇదే పూజ. ఫాదర్ గారు పీఠం దగ్గర నిలబడి, "ప్రయాణంలో ఉన్న సంసోను గారి క్షేమం కొరకు" అని చదువుతారు. పాతవాళ్ళందరికీ అలవాటైపోయింది. ఈసారి చదివింది కొత్త ఫాదర్, కుర్రాడు. పూజ అయ్యాక గుమ్మం దగ్గర నాయనమ్మ చెయ్యి పట్టుకుని, "సంసోను గారు మీ అబ్బాయా అమ్మా? దుబాయిలో ఉంటారా? ఎప్పుడొస్తున్నారు?" అని ఎంతో ఆప్యాయంగా అడిగారు.

నాయనమ్మ చెయ్యి విడిపించుకుని షేర్ ఆటో ఎక్కేసింది. ఇంటికొచ్చి గేటు తీస్తుంటే నా భుజం పట్టుకుని ఆపింది.

"మహీ, మీ తాత బతికున్నడో పోయిండో నాకు తేల్చి చెప్పు. పోయినోడికి బతికున్నోడి పూజ చెప్పిస్తె గది ఎవలకు ముడుతదే? గాయన ఉత్తరించు స్థలంల నా ప్రార్థన కోసం కూసోని ఉన్నడా ఏంది, గిన్నేండ్లు?"

చనిపోయినవాళ్ళ ఆత్మలు మోక్షానికి ముందు అక్కడ ఆగుతాయనీ, మన ప్రార్థనలు అందితేనే ముందుకు కదులుతాయనీ చిన్నప్పుడు మనందరికీ చెప్పింది ఆవిడే కదా. ఇప్పుడు ఆ మాటే ఆవిడను నిద్ర పోనివ్వడం లేదు. లేస్తుంది, వరండాలో తిరుగుతుంది, కూర్చుంటుంది, మళ్ళీ లేస్తుంది. నవంబరులో, పోయినవాళ్ళ పేర్లు చదివే సమాధుల పండుగ లోపల తేలాలట. ఎనభై అయిదు దాటిన మనిషి బాబాయ్, నవంబరు దాకా ఉంటుందో లేదో నాకే భయంగా ఉంది.

మీరు వంతెన దాటితే భద్రాచలం, ఇంకాస్త వెళితే అడవి. ఉద్యోగమంతా పేపరు మిల్లు వెదురు యార్డులోనే చేశారు. ఆ లారీలు వెళ్ళని గూడెం ఉండదు. ఎప్పుడైనా ఎవరినైనా తాతయ్య గురించి అడిగారా? నేనిక్కడ చర్చి పుస్తకాలు తిరగేస్తాను. మీరక్కడ మనుషుల్ని అడగండి.

మీ మహిమ


సారపాక
జనవరి 28

మహిమకు,

నీ ఉత్తరం అందింది. అద్దాలు దొరికాయి.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. అడగలేదు. అడగను కూడా.

నాకు తెలిసింది ఇంత. ఆయన కల్లేదారుగా వెళ్ళాడు. కల్లేదారంటే కల్లం మీద కూర్చుని, గూడెం జనం కోసుకొచ్చిన ఆకు కట్టలు లెక్కచూసి తీసుకుని, ఎండబెట్టించే మనిషి. వేసవి పని. వానలు పడేలోగా కల్లం ఎత్తేసి అందరూ ఇళ్ళకు రావాలి. అప్పటికి గోదావరి మీద వంతెన పూర్తి కాలేదు, పడవ మీదే దాటాలి. ఆ ఏడు అందరూ వచ్చారు, ఆయన రాలేదు. అమ్మ వెళ్ళి అడిగితే కాంట్రాక్టరు మనిషి, "కల్లం ఎత్తేసినం, మీ ఆయన గూడ బయల్దేరిండు" అన్నాడట. అంతే.

బయల్దేరిన మనిషి ఎటు పోతాడు? ఈ ప్రశ్నకు ఇంట్లో ఎవరూ జవాబు చెప్పలేదు. బడిలో పిల్లలు చెప్పారు. "మీ నాయిన అడివిల ఇంకో సంసారం పెట్టిండంట గదరా" అన్నారు. వాళ్ళతో కొట్లాడి, చొక్కా చింపుకుని ఇంటికొస్తే అమ్మ చొక్కా ఎందుకు చినిగిందని అడగలేదు. కుట్టి ఇచ్చింది. అప్పుడే నాకు అర్థమైంది.

ఆయన కోసమే సారపాకలో చేరానని మీ నాన్న నన్ను ఎగతాళి చేసేవాడు. పోయిన అన్నను ఇప్పుడు తిట్టలేను. కానీ నిజం దానికి తలకిందులు. యార్డులో లారీ మీంచి ఎవడైనా కొత్త కుర్రాడు దిగితే నాకు గుండె దడ. నా ముక్కూ నా నుదురూ వేసుకుని దిగుతాడేమో, "అన్నా" అంటాడేమో అని. ఉద్యోగమంతా ఆ దడతోనే చేశాను. రిటైరయ్యాక హాయిగా ఉన్నాను. మళ్ళీ తవ్వకు.

అమ్మకు నచ్చజెప్పు. ఏ పూజ అయినా దేవుడికి తెలుసు ఎవరికి చేర్చాలో. యూకలిప్టస్ కొట్టే కాలం, ఊరంతా దుమ్ము. మీ పిన్నికి దగ్గు.

బాబాయి


ఖానాపురం హవేలి
మార్చి 3

బాబాయికి,

దొరికాడు!

మీరు తవ్వకన్నారు, నేను తవ్వాను. కోచింగ్ కాలేజీలో అడ్మిషన్ల ఉద్యోగం నాకు ఒకటే నేర్పింది, పాత కాగితం ముందు కూర్చుంటే విసుక్కోకూడదు. మొదట మన ఖమ్మం చర్చిలో చూశాను. తాతయ్య జ్ఞానస్నానం ఉంది, పెళ్ళి ఉంది, మీ జ్ఞానస్నానం ఉంది. చావు లేదు. తర్వాత ఆదివారం వస్తే బస్సెక్కడమే. ఇల్లెందు, కొత్తగూడెం, పాల్వంచ. ఫాదర్లు మంచివాళ్ళే కానీ బీరువా తాళం మాత్రం ఎప్పుడూ ఊరెళ్ళిన ఉపదేశి దగ్గర ఉంటుంది. మిర్చి సీజను కదా, ఇక్కడ యార్డు మీంచి వచ్చే ఘాటుకు తుమ్ముతూ వెళ్ళడం, అక్కడ పుస్తకాల దుమ్ముకు తుమ్ముతూ రావడం.

మొన్న మణుగూరు దాటాక ఒక పాత గుడికి వెళ్ళాను. చావుల పుస్తకంలో ఆ ఏడు, అదే వానాకాలం: "సంసోను, సుమారు ముప్పై ఏండ్లు, పరదేశి, జ్వరము." ఊరు పేరు రాయలేదు. ఇంకేం కావాలి? గోదావరి దాటి ఇవతలకు వచ్చాడు, దారిలో జ్వరం తగిలింది. మనిషి ఎక్కడికీ పారిపోలేదు బాబాయ్, ఇంటికే వస్తున్నాడు.

చీకటి పడ్డాక ఇల్లు చేరాను. అయినా ఆగలేక నాయనమ్మకు చెప్పేశాను. గాజులు ఒక్కొక్కటే తీసి కిటికీలో పెట్టింది. మర్నాడు నేనే ఫాదర్ గారితో మాట్లాడి ఆత్మశాంతి పూజ చెప్పించాను. మన చుట్టాలంతా వచ్చారు. పూజ ఉందని పిన్నికి ఫోను చేసి చెప్పినా మీరు రాలేదు. పిన్నికి దగ్గని తెలుసు, అయినా మీరు రావలసింది.

సమాధి ఆ గుడి వెనకే ఉంటుందన్నారు. నాకు చూసే టైము దొరకలేదు. మీకు దగ్గరే. వెళ్ళి చూసి రండి.

మహిమ


సారపాక
మార్చి 11

మహిమా,

ముందు అమ్మ చేత గాజులు వేయించు.

నిన్న మణుగూరు వెళ్ళాను. ఆ సమాధి చూశాను. సున్నం వేసి, పేరు చెక్కించి, శుభ్రంగా ఉంది. దిక్కులేనివాడి సమాధికి సున్నం ఎవరు వేస్తారని తోటమాలిని అడిగాను. విజయవాడ వైపు నుంచి ఇద్దరు కూతుళ్ళు ఏటా సమాధుల పండుగకు వస్తారట. ఆ సంసోను తాపీ మేస్త్రీ. ఆ గుడి గోడలు కట్టడానికి కోస్తా నుంచి వచ్చి జ్వరంతో పోయాడు. పెద్దకూతురి నంబరు ఉంటే మీ పిన్ని చేత ఫోను చేయించాను. సందేహం లేదు, వాళ్ళ నాన్నే.

నువ్వు చదువుకున్నదానివి. ఒక పేరూ ఒక ఏడూ కలిస్తే మనిషి కలిసినట్టేనా? అమ్మకు చెప్పేముందు ఒక వారం ఆగలేకపోయావా? నీకు మీ నాన్న తొందరే వచ్చింది.

ఇంకో మాట. రాయకూడదనుకున్నాను, రాస్తున్నాను. ఆ సంగతి తెలియక ముందు నేను ఆ సమాధి దగ్గర చాలాసేపు కూర్చున్నాను. అక్కడ మా నాన్న ఉన్నాడని, ఇంటికి వస్తూనే పోయాడని నమ్మాను. పెద్దవాణ్ణి, మనవలున్నవాణ్ణి, వెక్కివెక్కి ఏడ్చాను. తోటమాలి నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆ తర్వాత అతను నిజం చెబితే, ఇంకొకరి నాన్న మీద ఏడ్చినందుకు సిగ్గు పడాల్సింది పోయి, నా దగ్గర్నుంచి ఏదో గుంజుకున్నట్టు కోపం వచ్చింది.

ఇక ఊరుకోలేను. ఉన్నా సరే, పోయినా సరే, ఇంకో సంసారం ఉన్నా సరే. వచ్చే నెల తునికాకు మొదలవుతుంది. కల్లాల మీద ముసలివాళ్ళు దొరుకుతారు. నేనే వెళతాను.

బాబాయి


ఖానాపురం హవేలి
మార్చి 24

బాబాయికి,

మీరు తిట్టింది చాలదు, ఇంకా తిట్టండి. నాయనమ్మ నన్ను తిట్టిన దానిముందు మీది దీవెన.

"బతికున్నోణ్ణి చంపితివి గదనే! గా పూజ ఎనక్కి తీస్కొమ్మను మీ ఫాదర్‌ను!" అని నన్ను లాక్కుని గుడికి వెళ్ళింది. పూజ వెనక్కి తీసుకోవడం కుదరదు, అది ఎవరికి అవసరమో వారికి చేరుతుందని ఫాదర్ గారు నచ్చజెప్పారు. నాయనమ్మ, "అయితె గా మేస్త్రీకే పోనీ, పాపం. గోడలు కట్టిండు" అంది. ఫాదర్ గారు నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు.

గాజులు వేసుకుంది కానీ మనిషి మునుపటిలా లేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది. పోయిన గురువారం స్నానాలగదిలో తూలి పడింది. దవాఖానాకు తీసుకెళ్ళాను, ఎముక విరగలేదు, బలం లేదన్నారు. రాత్రంతా గొణుగుతూ ఉంటుంది. ప్రార్థన అనుకుని ఒకసారి దగ్గరికి వెళ్ళి విన్నాను. తాతయ్యతో వాదిస్తోంది.

నేను పుస్తకాలు కట్టేశాను. ఇక నా చేతిలో ఏమీ లేదు. మీరు వెళతానన్నారు, వెళ్ళండి బాబాయ్. ఏం తెలిసినా ముందు నాకు రాయండి, ఈసారి నోరు కుట్టుకుంటాను.

మహిమ


సారపాక
మే 19

మహిమకు,

నెమ్మదిగా చదువు. అమ్మకు మాత్రం చదివి వినిపించకు. చివరిదాకా చదివితే ఎందుకో తెలుస్తుంది.

యార్డు రోజుల్లో నాకు లాలు అని లారీ డ్రైవరు స్నేహితుడు. ఇప్పుడు ఆకు బస్తాలు తోలుతున్నాడు. ఈ మూడు వారాలూ వాడి పక్క సీటే నా ఇల్లు. చర్ల దాటాక లోపలి గూడేలన్నీ తిరిగాం. ప్రతి కల్లం దగ్గరా దిగడం, వాడు నా తరఫున వాళ్ళ భాషలో అడగడం, జవాబు నా వినపడని చెవిలో అరవడం. నేను అడిగించింది ఒకటే. పాతకాలంలో పోయిన కల్లేదారు సమాధి ఉందా, సిలువ ఉన్న సమాధి? ఎక్కడ అడిగినా లేదు. సిలువ లేదు, సమాధీ లేదు. కొన్నిచోట్ల నన్ను భూమి కొలవడానికి వచ్చిన ఆఫీసరనుకుని లేచి వెళ్ళిపోయారు. ఎండకు నా బుర్ర పనిచేయడం మానేసింది. లాలు, "అన్నా, ఇంక పోదాం, నీకు వడదెబ్బ తగిలితె వదిన నన్ను చంపుతది" అని గొడవ.

మొన్న మంగళవారం ఇప్పలగుంపు అనే గూడెంలో ఆగాం. కల్లం పక్కన చెట్ల నీడన కట్టలు కట్టేవాళ్ళు అన్నాలు తింటున్నారు. మమ్మల్నీ కూర్చోమని మోదుగాకు దొప్పల్లో జావా, చింతచిగురు పచ్చడీ పెట్టారు. అక్కడా అడిగించాను, అక్కడా లేదన్నారు. సరే అని అలవాటుగా తినేముందు సిలువ గుర్తు వేసుకున్నాను.

ఎదురుగా ఉన్న ముసలామె లేచి వచ్చింది. నా కుడి మణికట్టు పట్టుకుని దించేసింది. అడ్డంగా తల ఊపింది. నా ఎడమచెయ్యి ఎత్తి నా నుదుటికి తాకించింది, తర్వాత గుండెకు, తర్వాత భుజాలకు. ఏదో అంది. లాలు నా చెవిలో అరిచాడు. "నువ్వు తప్పు చేత్తో చేస్తున్నవంట అన్నా! వాళ్ళ రాయి తాతకు అన్నం పెట్టేటప్పుడు వీళ్ళు గట్లనే చేస్తరంట, గాని ఈ చేత్తో అంట!"

ఆమె పేరు జంపక్క. ఆమె చెప్పింది లాలు చెప్పినట్టే రాస్తున్నాను.

ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక ఏడు కల్లేదారు వాళ్ళింట్లో దిగాడు. రోజూ వాళ్ళ నాన్న గంగయ్య పక్కన కూర్చుని తినేవాడు. తినేముందు అలా చేసేవాడు. పిల్లలకు అది ఆట, వాళ్ళూ చేసేవాళ్ళు. కల్లం ఎత్తేసే రోజుల్లో వాన ముందే పట్టుకుంది. ఆకు తడిసింది. ఆరబెట్టకుండా వెళితే కాంట్రాక్టరు ఊరుకోడని, మిగతావాళ్ళు వెళ్ళినా ఆయన రెండు రోజులు ఆగాడు. ఆ రెండు రోజుల్లో చలిజ్వరం పట్టింది. వాగు పొంగింది, దాటించలేకపోయారు. ఆ కల్లేదారు గంగయ్య మంచం మీదే పోయాడు.

ఇంటి మనిషి పోతే వాళ్ళు ఊరి పక్కన రాయి పాతుతారు. పరాయివాడికి రాయేమిటని పెద్దలు అడ్డుపడ్డారట. "నా పక్కన కూసోని తిన్నడు, నా మంచం మీద పోయిండు. నా ఇంటోడే" అని గంగయ్య ఒక్కడే రాయి మోసుకొచ్చి పాతాడు. తర్వాతి వేసవి కొత్త కాంట్రాక్టరు మనుషులకు చెప్పి పంపాడు. వాళ్ళు ఎవరికి చెప్పారో, చెప్పలేదో. ఖమ్మం ఏ దిక్కున ఉందో వీళ్ళకప్పుడు తెలియదు. అప్పట్నుంచి ఏటా కొత్తల పండుగకు, పెద్దలందరికీ పెట్టినట్టే ఆ రాయికీ కొత్త బియ్యం అన్నం పెడుతున్నారు. ఆయన తినేముందు చేసేవాడు కాబట్టి, ఆ ఒక్క రాయి ముందు మాత్రం ఇంటిల్లిపాదీ అలా చేస్తారు. ఎందుకో వాళ్ళకు తెలియదు. ఆయన పద్ధతి, అంతే.

మనం సిలువ కోసం వెతికాం. వాళ్ళను రాయి గురించి ఒక్కసారి అడగలేదు.

పండుగ కాకపోయినా, ఆయన మనిషి వచ్చాడని జంపక్క ఆ రోజే అన్నం వండి నన్ను రాయి దగ్గరికి తీసుకెళ్ళింది. మోకాలెత్తు రాయి. మనవలు, మనవరాళ్ళు వరుసగా నిలబడి ఎడమచేత్తో సిలువ వేసుకున్నారు. నేను నిలబడి చూశాను. ఏడుపు రాలేదు. ఒకసారి ఇంకొకరి నాన్న కోసం ఏడ్చినవాణ్ణి, మళ్ళీ మోసపోతానేమోనని బిగబట్టుకున్నాను.

ఎందుకంటే మహిమా, పేరు వాళ్ళకు గుర్తులేదు. కల్లేదారు అనేవారు. ఆ కాలంలో మన మతం వాళ్ళు చాలామంది ఆ పనికి వెళ్ళారు. పైగా ఎడమచేత్తో సిలువ వేసుకునే క్రైస్తవుణ్ణి నేను పుట్టాక చూడలేదు. పిల్లలు ఎదురుగా నిలబడి నేర్చుకున్నారు కాబట్టి చెయ్యి తారుమారైందేమో. ఇది ఆయనే అనడానికి నాకు ధైర్యం చాలడం లేదు. అమ్మను ఇంకోసారి ఇలా చంపలేం. ఏం చెయ్యాలో నువ్వే ఆలోచించు.

బాబాయి


ఖానాపురం హవేలి
మే 27

బాబాయ్,

రెండు రోజులు నోరు కుట్టుకున్నాను. మూడో రోజు పొద్దున నాయనమ్మ తల దువ్వుతూ, మీ పేరుగానీ అడవి పేరుగానీ ఎత్తకుండా, ఊరికే అడిగినట్టు అడిగాను. "నాయనమ్మా, తాతయ్య ఏ చేత్తో తినేవాడు?"

"తినుడు కుడిచేత్తోనే, మా అత్త భయానికి" అంది. "మిగిలినయన్ని పుర్రచేత్తోనే. రాసుడు, కోసుడు, చెట్టెక్కుడు. సిలువ సుత గా చేత్తోనే ఏస్కునేటోడు. మా అత్త గరిటెతోని కొట్టేది చెయ్యి మీద. గుళ్ళె కుడిచేయి, ఇంట్ల పుర్రచేయి. నాకు గుళ్ళె నవ్వొచ్చేది." అని నవ్వింది. సంక్రాంతి ముందు నుంచి నేను ఆ నవ్వు వినలేదు.

దువ్వెన నా చేతిలోంచి జారిపోయింది. నాయనమ్మ తిరిగి నా ముఖం చూసింది. ఆవిడ దగ్గర ఎవరు దాచగలరు? మీ ఉత్తరం తెచ్చి మొదటినుంచి చివరిదాకా చదివాను. జంపక్క మీ కుడిచెయ్యి దించేసిన చోట నన్ను ఆపి, మళ్ళీ చదవమంది. మళ్ళీ. మళ్ళీ.

తర్వాత మీ పాత ఉత్తరాలు కూడా చదవమంది. చొక్కా సంగతి రాసింది దాచిపెడదామనుకున్నాను. చదివించుకుంది. అది విన్నాక చాలాసేపు గోడవైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం లేచి అన్నం పెట్టమంది. రెండు రోజులు గడిచాక, ఈ రాత్రి కాగితం కలం తెమ్మంది. కింద ఉన్నది ఆవిడ మాట. నేను ఒక్క అక్షరం మార్చలేదు.

మహిమ


కొడుకు క్రిస్టోఫరుకు,

మీ అమ్మ చెప్తున్నది, మహి రాస్తున్నది. నేను చెప్పినట్టే రాయమన్న, పంతులమ్మ లెక్క దిద్దొద్దన్న.

అరవై ఏండ్లు నేను మీ నాయిన కోసం ఎదురుచూసిన్నని ఊరంతా అనుకున్నరు. గుళ్ళె ఆడోళ్ళు నన్ను చూపిచ్చి కోడండ్లకు బుద్ధులు చెప్పేటోళ్ళు. నేను ఎదురుచూడలే బిడ్డా. గా కాంట్రాక్టరు మనిషి "బయల్దేరిండు" అన్ననాడే నాకు అంతా తెలిసిందనుకున్న. ఎవతెనో చేస్కొని ఆడనే ఉన్నడనుకున్న. మాటకారి, పాటలు పాడేటోడు, ఎవతెకైనా నచ్చుతడు.

ఫాదర్ దగ్గరికి పోయి పూజ చెప్పియ్యమన్న. ఏమని చెప్పాలె అంతోనమ్మా అన్నడు. పోయిండని చెప్పనీకి నోరు రాలే. ఇడిసిపెట్టిండని చెప్పనీకి సిగ్గాయె. ప్రయాణంల ఉన్నడని చెప్పిన. క్షేమం అన్న మాట ఫాదరే కలిపిండు, నేను అనలే. ఆడ పీఠం కాడ చదువుతుంటె నేను మోకాళ్ళ మీద ఉండి లోపట్లోపట తిట్టేదాన్ని. కొన్నేండ్లకు తిట్టుడు తగ్గింది. ముసలిదాన్నైనంక ఏడున్నా సల్లగుండనీ అనుకున్న. గంతే.

నీ అంగి నేను కుట్టిన్నాడు గా పిల్లలు ఏమన్నరో నాకు ఎరికే. అడిగితె నువ్వు చెప్తవ్, చెప్తె నేను అవ్ అనాలె, కాదనాలె. ఏది అనాలెనో తెల్వక సూదీదారం పట్టిన. ఒక్క ఇంట్ల ఉండి ఇద్దరం ఒక్క మాటనే మింగుకుంట బతికినం.

గిప్పుడు విను. మీ నాయిన మనల్ని ఇడిసిపెట్టలే. తడిసిన ఆకు ఆరబెట్టనీకి రెండు రోజులు ఆగిండు. గంతే ఆయన చేసిన తప్పు. నీకు తమ్ముడు లేడు, నువ్వు ఎవల ముక్కు చూసి భయపడే పని లేదు. ఈ మాట పొద్దటిసంది అంటనే ఉన్న. మహి ఆఫీసుకు పోతె ఒక్కదాన్నే ఇంట్ల తిరుక్కుంట అన్న. అరవై ఏండ్లు తిట్టిన మనిషిని ఇయ్యాల ఏమని ఏడ్వాలెనో నాకు తెలుస్తలేదు కొడకా. ఏడుస్తనే ఉన్న.

నిన్న ఫాదర్ దగ్గరికి పోయిన. సమాధుల పండుగ నాడు పోయిన సంసోను పేరు చదువుమన్న. గంగయ్య పేరు సుత చదువుమన్న. గంగయ్య జ్ఞానస్నానం పొందిండా అమ్మా అని అడిగిండు. నా మొగనికి మంచమిచ్చిండు ఫాదరూ, నా చేతికి అందని జ్వరం ఆయన చేతికి అందింది, గది సాలదా అన్న. పిలగాడు తలకాయ దించుకొని రాస్కుండు.

ఉత్తరించు స్థలంల ఆయనకు నా ప్రార్థన అందలేదని భయపడ్డ గదా. గా భయం పోయింది. ఈడ నేను ప్రయాణంల ఉన్నడని చెప్పిచ్చిన, ఆడ వాళ్ళు ప్రయాణంల ఉన్నోనికి అన్నం పెట్టిండ్రు. ఏటేటా, కొత్త బియ్యంతోని.

కొత్తల పండుగకు నన్ను తీస్కపో. నడవలేదంటరు, ఎత్తుకపోండ్రి. అప్పటిదాక ఒక్క పని చెయ్. గా గూడెం పోయి జంపక్కకు చెప్పు, పిల్లలకు ఎవలన్నా కుడిచేయి నేర్పనీకొస్తె నేర్పనియ్యొద్దని. నువ్వు గూడ నేర్పకు. రాయి కాడ నేను సుత పుర్రచేత్తోనే ఏస్కుంట, మా అత్త పైకెళ్ళి చూస్తె చూడనీ.

మీ అమ్మ
అంతోనమ్మ